విజయనగరంలో యాంటిపాస్టో పళ్ళెం: భయపడాల్సింది నూనెకి కాదు, ఉప్పుకి

రింగ్ రోడ్డు వైపు తెరిచిన ఇటాలియన్ హోటల్లో యాంటిపాస్టో పళ్ళెం 850 రూపాయలు. మెనూలో ఇద్దరికని రాశారు. నిజానికి నలుగురు పంచుకోవాల్సిన పళ్ళెం ఇది.

యాంటిపాస్టో అంటే అసలు భోజనానికి ముందు తినేది. ఇక్కడ వడ్డించేవి సలామీ (ఉప్పు వేసి నిల్వచేసిన మాంసం) 40 గ్రాములు, మొజరెల్లా చీజ్ 60, పార్మెజాన్ చీజ్ 30, పచ్చ ఆలివ్‌లు ఓ పన్నెండు, నూనెలో ఊరిన ఎండు టమాటా, కాల్చిన రొట్టె నాలుగు ముక్కలు, పైన చెంచాడు ఆలివ్ నూనె. లెక్కేస్తే సుమారు 870 క్యాలరీలు, 38 గ్రాముల ప్రోటీన్. బాగానే ఉంది. కానీ ఉప్పు 6 గ్రాములు దాటిపోతోంది! ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి చెప్పిందే 5 గ్రాముల లోపు. ఈ ఉప్పులో సగం పైగా సలామీ, ఆలివ్‌లదే. బీపీ ఉన్నవాళ్ళు నూనె పక్కకి నెట్టి ఆలివ్‌లు నములుతారు, చేయాల్సింది దానికి తిరగేసి. ఉప్పుచేపని నానబెట్టినట్టే ఆలివ్‌లనీ మంచినీళ్ళలో అరగంట ఉంచితే కొంత ఉప్పు దిగుతుంది. ముందే ఫోన్ చేసి చెప్పడం మేలు.

సలామీ మందంగా కోస్తున్నారు. కాగితంలా పల్చగా ఉంటే నాలుగు ముక్కలకే నోరు నిండుతుంది, ఉప్పూ తక్కువ పడుతుంది. పైగా మన ఉక్కపోతకి పది నిమిషాల్లోనే అంచుల్లో కొవ్వు కరిగి జిడ్డు తేలుతోంది. సలామీ లాంటి నిల్వ మాంసాన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చి 2015 నుంచీ హెచ్చరిస్తున్నారు కాబట్టి మనిషికి రెండు ముక్కలు చాలు. మొజరెల్లా అయితే పిజ్జాకి వాడే గట్టి దిమ్మే, ముక్కలు కోసి పెట్టారు. తాజాదాన్ని వేలితో నొక్కితే పాలచెమ్మ ఊరాలి, ఇది రబ్బరులా సాగుతోంది.

అన్నిటికన్నా పెద్ద లోటు కూరగాయలు. ఇటలీలో కాల్చిన వంకాయ, క్యాప్సికమ్ నూనె, వెనిగర్‌లో ఊరబెట్టి ఈ పళ్ళెంలో పెడతారు. పీచు ఎక్కువగా వచ్చేది వాటితోనే. వంకాయలకి ఈ జిల్లాలో కరువా? సలామీ సగం తగ్గించి ఆ చోట వంకాయ పెట్టమని అడగండి.

శాకాహారులు పార్మెజాన్ గురించి తప్పక వాకబు చేయాలి. అసలైనదాన్ని దూడ కడుపులోంచి తీసిన, పాలని గడ్డకట్టించే రెన్నెట్‌తో తోడుపెడతారు.