పాత డెస్క్‌టాప్ మీద లినక్స్ మింట్: మూడేళ్లకు పైగా వాడాక నా అభిప్రాయం

ఇంట్లో కంప్యూటర్ పాతదై, విండోస్ 11కి సరిపోక, కొత్తది కొనే వీలు ఇప్పట్లో లేనివాళ్లు విండోస్‌కి బదులు వాడుకునే లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ని ధైర్యంగా పెట్టుకోవచ్చు. 2022 చివర్లో మా డెస్క్‌టాప్ పాడైనప్పటి నుంచి విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో నలుగురమూ దాని మీదే పని చేస్తున్నాం. నేను ప్రెస్‌లో డీటీపీ, అంటే కంప్యూటర్ మీద అచ్చుకి పేజీలు కట్టే పని చేస్తాను. మా ఆయనకి చిన్న షాపు. బాబు అప్పట్లో ఇంటర్, ఇప్పుడు బీటెక్. అత్తయ్యగారికి ప్రవచనాలు, పాత పాటలు. ఇన్ని రకాల పనుల్లో అది ఎక్కడ ఆదుకుంది, ఎక్కడ ఇబ్బంది పెట్టిందో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మాది 2014లో కొన్న మిషన్. ఇంటెల్ నాలుగో తరం ఐ3, నాలుగు జీబీ ర్యామ్, ఒక టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. కొన్నాళ్లుగా ఆన్ అవడానికే చాలాసేపు తీసుకునేది. ఒక సాయంత్రం కరెంటు వస్తూ పోతూ వోల్టేజి ఊగిసలాడింది. ఆ తర్వాత ఆన్ చేస్తే నీలం తెర, రీస్టార్ట్, ఆటోమేటిక్ రిపేర్, మళ్లీ నీలం తెర. సీపీయూ పెట్టె దగ్గర చెవి పెడితే లోపల టక్ టక్ మని చప్పుడు. గవర్నర్‌పేటలో ఒక షాపుకి తీసుకెళ్తే "హార్డ్ డిస్క్ పోయింది మేడమ్. కొత్తది వేసి విండోస్ ఎక్కించి ఇస్తాం. డేటాకి మాత్రం గ్యారంటీ లేదు" అన్నారు.

ఆ డేటాలో మా నాన్నగారి గొంతు ఉంది. ఆయన పౌరాణిక నాటకాల పద్యాలు పాడేవారు. చివరి రోజుల్లో ఫోన్‌లో రికార్డు చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్న ఫైళ్లవి. గుంటూరులో ఉండే మా పిన్ని కొడుక్కి ఫోన్ చేశాను. వాడు ముందు చెప్పిన మాట ఇదే: "అక్కా, దాన్ని మళ్లీ మళ్లీ ఆన్ చెయ్యకు. ఎవరేం చెప్పినా ఫార్మాట్ చెయ్యనివ్వకు. ఆదివారం వస్తాను."

ఈ భాగం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఏ సిస్టమ్ పెట్టుకోవాలన్న ప్రశ్న దీని తర్వాతే వస్తుంది. వాడు లినక్స్ మింట్ ఉన్న పెన్‌డ్రైవ్, ఖాళీగా ఉన్న రెండు టీబీల ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చాడు. మింట్‌ని ఇన్‌స్టాల్ చెయ్యకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నడపొచ్చు. మిషన్ ఆన్ అవుతుండగా బూట్ మెనూలోకి వెళ్లి పెన్‌డ్రైవ్‌ని ఎంచుకుంటే డెస్క్‌టాప్ వచ్చేస్తుంది, లోపలి డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా రాయదు. విండోస్ ఎక్కనన్న అదే మిషన్ మీద మౌస్ కదులుతోంది, బ్రౌజర్ తెరుచుకుంటోంది. అంటే బోర్డు, ర్యామ్ బాగానే ఉన్నాయి, జబ్బు డిస్క్‌దే అని అక్కడే తేలిపోయింది. మింట్‌లో డిస్క్స్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది. దాంట్లో స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) తెరిచి చూస్తే రీఅలకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి పక్కన పెట్టిన భాగాలు), పెండింగ్ సెక్టార్లు (చదవలేక అనుమానంలో ఉంచినవి) అన్న రెండు వరసల్లోనూ సున్నా ఉండాల్సిన చోట వందల్లో అంకెలు.

"ఫోల్డర్లు తెరిచి కాపీ చేసుకోవచ్చు కదా" అన్నాను. వాడు ఒప్పుకోలేదు. చెడిపోయిన చోట డిస్క్ తల అదేపనిగా చదవబోయి ఆగిపోతుంది, ఆ తిప్పలో మంచిగా ఉన్న భాగం కూడా పోవచ్చు. అందుకని డీడీరెస్క్యూ అనే పనిముట్టు వాడాడు. అది ముందు సులువుగా వచ్చే భాగమంతా తీసేసుకుంటుంది. మొండికేసిన చోట్లని ఒక ఫైల్‌లో రాసిపెట్టుకుని, చివర్లో మళ్లీ వాటి దగ్గరికి వస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ ఫైల్ చూసుకుని ఆగిన చోటి నుంచే మొదలుపెడుతుంది. రాత్రంతా నడిచింది, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టి డిస్క్‌ని చల్లగా ఉంచాం. పొద్దున్నకి దాదాపు మొత్తం డిస్క్ నకలు చేతికొచ్చింది. ఆ నకలు తెరిచి నాన్నగారి ఫోల్డర్‌లో మొదటి ఫైల్ మీద నొక్కితే, పద్యం ఎత్తుకునే ముందు ఆయన గొంతు సవరించుకునే ఆ చిన్న దగ్గు వినపడింది. పెళ్లి వీడియోల్లో కొన్ని మాత్రం తెరుచుకోలేదు.

అప్పుడు కూర్చుని ఏ సిస్టమ్ అన్నది ఆలోచించాం. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు మిషన్‌లో ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం గానీ ఆపైది గానీ అయ్యుండాలి. మాది నాలుగు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆగిపోతుందని మైక్రోసాఫ్ట్ అప్పటికే ప్రకటించి ఉంది. షాపుల్లో ఐదు వందలకి ఎక్కించే క్రాక్ విండోస్ నాకు వద్దు. దాన్ని తెరిచే ప్రోగ్రామ్‌ని నడపాలంటే ముందు యాంటీవైరస్ ఆపెయ్యమంటారు. బ్యాంకు పాస్‌వర్డులు కొట్టే మిషన్ మీద అలాంటిదాన్ని ఎలా నమ్ముతాం? ఇంట్లో ఎవరెవరికి ఏ పని కావాలో కాగితం మీద రాస్తే చాలావరకు బ్రౌజర్‌లో జరిగేవే తేలాయి. మిగిలిన పెద్ద పని నాది, తెలుగు టైపింగ్.

మింట్ 2006 నుంచీ ఉంది. దాన్ని ఉబుంటు అనే ఇంకో లినక్స్ సిస్టమ్ దీర్ఘకాల విడుదలల మీద కడతారు. మేం పెట్టిన 21వ వెర్షన్ 2022 జులైలో వచ్చింది, దానికి 2027 వరకు అప్‌డేట్లు ఇస్తామన్నారు. సిన్నమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు రూపాల్లో దొరుకుతుంది. ర్యామ్ నాలుగు జీబీయే ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ తేలిక. మేం ఎస్‌ఎస్‌డీతో (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) పాటు ఇంకో నాలుగు జీబీ ర్యామ్ వేయించాం కాబట్టి సిన్నమన్ పెట్టాం. కింద ప్యానెల్, ఎడమ మూల మెనూ, విండోస్ 7 వాడినవాళ్లు తడుముకోనక్కర్లేదు. ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. మిషన్ వేగం పెరగడానికి సగం కారణం ఎస్‌ఎస్‌డీ. ఆ ఖర్చు పెట్టకుండా సిస్టమ్ ఒక్కటే మారిస్తే అంత తేడా కనపడదు. రెండూ కలిపి మాకు నాలుగు వేలు దాటలేదు.

తెలుగు సంగతికి వస్తే, నేను ప్రెస్‌లో నేర్చుకున్నది అను సాఫ్ట్‌వేర్‌లో ఆపిల్ కీబోర్డు. వేళ్లకి అదే అలవాటు, ఇంకో లేఅవుట్ నేర్చుకునే ఓపిక లేదు. మింట్‌లో ఇన్‌పుట్ మెథడ్ అనే చోట తెలుగుకి విడిగా ఒక పేజీయే ఉంది. అక్కడ టైపింగ్‌కి కావాల్సిన ఐబస్, ఎం17ఎన్ ప్యాకేజీలు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ లేఅవుట్లతో పాటు ఆపిల్ కూడా జాబితాలో కనపడింది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు! ఒకటి రెండు కీల దగ్గర వేళ్లు తడబడ్డా వారంలో కుదురుకున్నాయి. ఉత్తరాలు, డాక్యుమెంట్లు రాసుకునే లిబ్రే ఆఫీస్‌లో వత్తులు, గుణింతాలు శుభ్రంగా పడతాయి. ఖతుల (ఫాంట్ల) కోసం సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో తెలుగువిజయం అని వెతికితే మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న లాంటివి ఒక్క ప్యాకేజీలో వచ్చేస్తాయి. పోతన, వేమన ఖతులు వేరే ప్యాకేజీలో ఉన్నాయి. పాత అచ్చు పేజీని స్కాన్ చేసి, బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే టెసరాక్ట్ ప్రోగ్రామ్‌కి ఇస్తే యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే) తెలుగుగా మార్చి ఇస్తుంది. ప్రూఫ్ బాగా దిద్దుకోవాలి, అయినా మొత్తం కొట్టడం కంటే నయం. పేజీలు కట్టడానికి స్క్రైబస్ అనే ప్రోగ్రామ్ వాడుతున్నాను. దాని పాత 1.4 వెర్షన్లలో తెలుగు అక్షరాలు విడివిడిగా పడేవి, 2024 జనవరిలో వచ్చిన 1.6 నుంచి ఆ బాధ పోయింది.

కానీ ప్రెస్ పని మొత్తం ఇంటికి తెచ్చుకోవచ్చనుకుంటే కుదరదు. మన ప్రెస్సుల్లో ఇప్పటికీ చాలా పని పేజీలు కట్టే పాత విండోస్ ప్రోగ్రామ్ పేజ్‌మేకర్‌లో, అను ఖతుల్లోనే నడుస్తుంది. ఆ ఖతులు యూనికోడ్‌వి కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చినవి. అలాంటి ఫైల్‌లోని మేటర్ మింట్‌లో తెరిస్తే అర్థం కాని గుర్తులే కనపడతాయి. విండోస్ ప్రోగ్రామ్‌లని లినక్స్ మీద నడిపించే వైన్ ద్వారా పేజ్‌మేకర్ నడిపే ప్రయత్నం చేశాను, నమ్మకంగా నడవలేదు. ఆ పని ప్రెస్‌లోనే చేసుకుంటున్నాను. డీటీపీయే జీవనాధారమై ఇంట్లో ఒక్కటే కంప్యూటర్ ఉన్నవాళ్లకి మింట్ ఒక్కదాన్నే పెట్టుకోమని నేను చెప్పను. లెక్కలు రాసుకునే టాలీ వాడేవాళ్లకీ ఇదే మాట, అది విండోస్ కోసం తయారైంది. మా ఆయన టాలీ షాపులోనే ఉంది, జీఎస్‌టీ రిటర్న్ మాత్రం ఓటీపీతో ఇంటి నుంచే వేస్తారు.

అందరికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ప్రింటర్. మా పాత లేజర్ ప్రింటర్ కంపెనీ లినక్స్‌కి ఇచ్చిన డ్రైవర్ ఎప్పటిదో, ఒక పేజీ వచ్చాక ఆగిపోయేది. తమ్ముడు ఎంత తంటాలు పడ్డా నిలకడగా పనిచెయ్యలేదు. చివరికి దాన్ని మా ఆయన షాపుకి పంపి వైఫై ఉన్న హెచ్‌పీ ప్రింటర్ కొన్నాం, అది డ్రైవర్ అడగకుండానే పేజీ తీసింది. కాబట్టి ఇన్‌స్టాల్ చేసే ముందే పెన్‌డ్రైవ్ నుంచి మింట్ నడిపి ప్రింటర్, వైఫై, సౌండ్, వెబ్‌క్యామ్ అన్నీ ఒకసారి చూసుకోండి. చవక వైఫై డాంగిల్స్ కొన్ని పట్టవు. అలాంటప్పుడు ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వెంటనే వస్తుంది, మిగతా డ్రైవర్లు ఆ నెట్‌తో తెచ్చుకోవచ్చు.

బాబుకి కాలేజీలో సి, పైథాన్ మొదలయ్యాక ఇదే కలిసొచ్చింది. సి ప్రోగ్రామ్‌లు నడపడానికి కావాల్సిన జీసీసీ వేసుకోవడం ఒక్క నిమిషం పని. వాలరెంట్ ఆట మాత్రం లినక్స్ మీద నడవదు, మోసం చేసి ఆడేవాళ్లని పట్టే దాని యాంటీ చీట్ ఒప్పుకోదు. అత్తయ్యగారికి డెస్క్‌టాప్ మీద యూట్యూబ్ గుర్తు పెద్దది చేసి పెట్టాం, లోపల ఏ సిస్టమ్ ఉందో ఆవిడకి పట్టింపు లేదు.

అప్‌డేట్లు మనం చెప్పినప్పుడే వేసుకుంటుంది, పని మధ్యలో రీస్టార్ట్ అవుతానని తొందరపెట్టదు. అదే నాకు అన్నిటికంటే నచ్చిన గుణం. ఇన్నేళ్లలో ఒక్కసారి కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) అప్‌డేట్ అయ్యాక తెర నల్లగా ఉండిపోయింది. ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకుంటే ఎప్పటిలాగే వచ్చింది. ఇలాంటి సమయాల కోసమే టైమ్‌షిఫ్ట్ ఉంది, సిస్టమ్‌ని వెనకటి రోజుకి తీసుకెళ్తుంది. కానీ టైమ్‌షిఫ్ట్ మనం మార్చకపోతే సిస్టమ్ ఫైళ్లనే దాస్తుంది. మన ఫొటోలు, పాటలు, డాక్యుమెంట్లు అందులో ఉండవు. ఇది తెలియక అన్నీ భద్రంగా ఉన్నాయనుకునేవాళ్లని చూశాను. వాటికి వేరే డిస్క్ మీద వేరే కాపీ ఉండాల్సిందే.

ఆ వేరే డిస్క్ కూడా అదే ఇంట్లో ఉంటే చాలదని 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు తెలిసింది. సింగ్‌నగర్‌లో ఉండే మా ప్రెస్ సహోద్యోగి ఇంట్లో సీపీయూ, బీరువాలోని బ్యాకప్ డిస్క్ రెండూ రోజుల తరబడి బురద నీళ్లలో ఉన్నాయి. ఆమె పిల్లల ఫొటోలు ఏవీ మిగల్లేదు. అప్పటి నుంచి నాన్నగారి పద్యాల కాపీ ఒకటి గుంటూరులో తమ్ముడి ఇంట్లో ఉంచుతున్నాం.

మింట్ 22 వచ్చాక మింట్ వాళ్ల అప్‌గ్రేడ్ పనిముట్టుతోనే మారాం. ముందు 21.3కి వచ్చి, టైమ్‌షిఫ్ట్ తీసుకుని మొదలుపెట్టాలి. మధ్యాహ్నం మొదలైంది దీపాలు పెట్టే వేళకి అయింది. ఫైళ్లు, ఆపిల్ కీబోర్డు అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. దీనికి 2029 వరకు సపోర్టు ఉంది, ఈ పాత ఐ3 అప్పటిదాకా లాగితే అదే పదివేలు.

విండోస్ 10 సపోర్టు ఆగిపోయినప్పటి నుంచి చుట్టుపక్కల వాళ్లు నన్ను అడుగుతున్నారు. ఇళ్లలో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి, కంగారుపడి నిర్ణయం తీసుకోనక్కర్లేదు. మా వీధి చివర ట్యూషన్ మాస్టారికి మాలాంటి పాత మిషనే, పనంతా బ్రౌజర్, పీడీఎఫ్‌లు. ఆయనకి మింట్ పెట్టించాం, బాగానే వాడుకుంటున్నారు. పై వాటాలో ఉండే అమ్మాయి అకౌంట్స్ పని ఇంటి నుంచే చేస్తుంది. టాలీ ఉండాలి, డిజిటల్ సంతకం టోకెన్ ఉంది, ల్యాప్‌టాప్ పదో తరం. ఆమెని విండోస్ 11కే వెళ్లమన్నాను, ర్యామ్ ఎనిమిది జీబీ చేయించుకుని, ఏది ఎక్కించే ముందైనా డేటా బయటికి కాపీ తీసుకోమన్నాను.