ఉప్పుగాలిలో బొలెరో హుక్కు: రెడ్ ఆక్సైడ్ నుంచి గాల్వనైజింగ్ దాకా

ట్రైలర్ లాగడానికి బండి వెనక హుక్కు పెట్టించుకున్న మా వైపు వాళ్లు నన్ను అడిగేది ఒకటే: "తుప్పు రాకుండా ఏ పెయింట్ వేయించమంటావన్నా?" నేను చెప్పే జవాబు చాలామందికి నచ్చదు. ముందు బండి ఏ నీళ్లతో కడుగుతున్నావో చెప్పు, పెయింట్ సంగతి తర్వాత చూద్దాం అంటాను.

మాది విడవలూరు మండలం, రామతీర్థం వైపు. రొయ్యల గుంటలున్నాయి. బొలెరో వెనక రెండు చక్రాల చిన్న ట్రైలర్ తగిలించి మేత బస్తాలు, గుంట నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు, కరెంటు లేని రోజుల్లో జనరేటర్ లాగుతాం. బండి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నప్పుడే హుక్కు ఉంది. చాసిస్‌కు బోల్టులతో బిగించిన ప్లేటు, దానికి వెల్డింగ్ చేసిన చదరపు గొట్టం, ఆ గొట్టంలోకి దూరే కడ్డీ, దాని చివర 50 మి.మీ. బాల్. అంతా మామూలు ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) ఇనుమే. పైన రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, దాని మీద నల్లరంగు.

ఇక నీళ్ల సంగతి. మా దగ్గర బోరు నీళ్లే ఉప్పు. గుంటల గట్ల మీద తిరిగొచ్చిన బండిని ఆ నీళ్లతోనే ఎంత ప్రెజర్ పెట్టి కడిగినా బురద పోతుందే గాని ఉప్పు పోదు. నీళ్లు ఆరాక ఆ ఉప్పు వెల్డింగ్ సందుల్లో కూర్చుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను లాక్కుని తానే నీరవుతుంది. మా తీరంలో రాత్రిపూట తేమ ఆ గీత దాటడం మామూలే. అంటే వాన లేకపోయినా, బండి షెడ్డులోనే ఉన్నా, హుక్కు తడిగానే ఉన్నట్టు. అందుకే రొయ్యల పట్టుబడి ముగిశాక బండిని టౌనులో మంచినీళ్లు వాడే సర్వీసింగ్ సెంటర్లో కడిగిస్తున్నాం. గొట్టం లోపలికి కూడా నీళ్లు కొట్టమని చెప్పాలి, చెప్పకపోతే కొట్టరు. గుంట తయారీకి బ్లీచింగ్ పౌడర్ బస్తాలు మోసిన రోజైతే అసలు ఆగకూడదు. ఆ పొడి తేమ తగిలిన ఇనుమును తినేసినంత వేగంగా ఉప్పుగాలి కూడా తినదు.

రెడ్ ఆక్సైడ్ మీద నాకు పెద్ద కోపమేమీ లేదు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ మా ప్రాంతంలో దాన్ని పూసి, అదే ఫైనల్ కోటింగ్ అన్నట్టు వదిలేస్తారు. అది ప్రైమర్ మాత్రమే, తేమను పూర్తిగా ఆపలేదు, పైన మంచి రంగు పడాలి. రంగు పడినా అంచుల దగ్గర పొర పల్చగా ఉంటుంది, తుప్పు అక్కణ్నుంచే మొదలవుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రంగును కింద నుంచి పొక్కుల్లా పైకి లేపుతుంది. మా బండికి ప్రతి ఈశాన్య రుతుపవనం తర్వాత, అంటే డిసెంబరు దాటాక, అదే తంతు.

తర్వాత రస్ట్ కన్వర్టర్ తెచ్చాం. తుప్పు మీద పూస్తే కాసేపటికి నల్లగా మారుతుంది. కొన్నింట్లో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది, కొన్నింట్లో టానిక్ యాసిడ్, కొన్నింట్లో రెండూ. నా అభిప్రాయంలో ఇది మంచి సరుకే, అమ్మేవాళ్లు చెప్పినంత మాత్రం కాదు. పెచ్చులుగా ఊడే తుప్పు మీద పూస్తే పెచ్చుతో పాటే రాలిపోతుంది. గ్రైండర్‌కు వైర్ బ్రష్ తగిలించి వదులు తుప్పంతా రాల్చాలి, సందుల్లో ఉప్పుకాగితంతో రుద్దాలి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి, ఆ తర్వాతే పూయాలి. కింద ఉప్పు మిగిలితే పైన ఏం పూసినా దండగే. తళతళలాడే ఇనుము మీద దీనికి పని లేదు, మారడానికి అక్కడ తుప్పుండాలి కదా. దీని మీద ఎపాక్సీ ప్రైమర్, పైన రంగు వేసిన భాగాలు ఉత్త రెడ్ ఆక్సైడ్ వేసినవాటికన్నా చాలా ఎక్కువ కాలం నిలిచాయి.

బండి అడుగున కొట్టే నల్ల తారు కోటింగ్ హుక్కుకు వద్దు. ఎండకు గట్టిపడి పగుళ్లిస్తుంది, ఆ పగుళ్లలో నీళ్లు దూరతాయి, పైకి నున్నగా కనిపిస్తూనే లోపల పని జరిగిపోతుంది.

ఊళ్లో పెద్దవాళ్లు ట్రాక్టర్ హుక్కులకు కాలిన ఇంజనాయిల్ పూస్తారు. తుప్పును కొంత ఆపే మాట నిజమే. కానీ దుమ్మంతా దానికే అంటుకుంటుంది. పైగా రొయ్యల గుంట గట్టు మీద ఆయిల్ కారే బండి తిప్పడం నాకు టెన్షన్. వానకు అది ఎటు కొట్టుకుపోతుందో తెలిసిందే.

చివరికి హుక్కు మొత్తం విప్పి హాట్ డిప్ గాల్వనైజింగ్‌కు పంపాం. చెన్నై వైపు చేసేవాళ్లున్నారు, కిలోల లెక్కన తీసుకుంటారు. మనది చిన్న వస్తువు, అదొక్కటే పంపితే రవాణాకే తడిసి మోపెడవుతుంది. అందుకే గేటు, ఏరేటర్ స్టాండ్లు కూడా కలిపి పంపాం. సుమారు 450 డిగ్రీల దగ్గర కరిగిన జింకులో ముంచుతారు. ముందుగా యాసిడ్‌లో వేస్తారు గనక తుప్పు అక్కడే పోతుంది, పాత రంగు మాత్రం పోదు, దాన్ని మనమే తీసివ్వాలి. రెండు వైపులా మూసేసిన గొట్టం ఉంటే రంధ్రాలు పెట్టించాలి. లోపల చిక్కిన గాలి, తేమ వేడికి ఉబ్బితే గొట్టం పేలే ప్రమాదం ఉంది. ఆ రంధ్రాలే తర్వాత లోపలి నీళ్లు కారిపోయే దారి కూడా అవుతాయి. బోల్టు మరల్లో జింకు నిండుతుంది, ట్యాప్ వేయించి మరలు మళ్లీ తీయించుకోవాలి.

ఇక్కడ చాలామంది తికమకపడేది జింక్ ప్లేటింగ్, అంటే కరెంటుతో పల్చగా జింకు పట్టించడం దగ్గర. లేత్ షాపులో "జింక్ చేయించిస్తాం" అని పసుపుపచ్చగా మెరిసేలా చేసిచ్చేది అదే. దాని పొర సాధారణంగా పది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) అటూ ఇటూ ఉంటుంది. హాట్ డిప్‌లో 6 మి.మీ. దాటిన ఇనుము మీద సగటున 85 మైక్రాన్లు ఉండాలని ప్రమాణం. రెండింటికీ పోలికే లేదు. ఇంకో లాభం, గీత పడినా చుట్టూ ఉన్న జింకు తాను కరుగుతూ ఇనుమును కాపాడుతుంది. రంగుకు ఆ గుణం లేదు.

అయినా దీనికీ లోపాలున్నాయి. వానల్లో తెల్లటి పొడి పడుతుంది, అది జింకు తాలూకుదే, కంగారు అక్కర్లేదు, కడిగితే చాలు. అందంగా ఉండదు, బూడిద రంగు. దాని మీద మామూలు ఎనామిల్ వేస్తే ఊడొస్తుంది, జింకును పట్టుకునే ఎచ్ ప్రైమర్ ముందు పడాల్సిందే. ఆ తర్వాత మా తమ్ముడు గొలుసు కోసం ఒక రింగు వెల్డింగ్ చేయించాడు. చేసినవాళ్లు అక్కడి జింకు రుద్ది తీయకుండానే రాడ్డు పెట్టారు. జింకు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, అదొక సమస్య. కాలిపోయిన చోట తుప్పు మొదలవడం రెండో సమస్య. అక్కడ మెరిసేదాకా రుద్ది జింకు పొడి కలిసిన కోల్డ్ గాల్వనైజింగ్ స్ప్రే కొట్టాం, ఇప్పటికి బాగానే ఉంది. ఈ స్ప్రే ఉత్త ఇనుముకే తగలాలి. రెడ్ ఆక్సైడ్ మీద కొడితే అది వెండిరంగు పెయింటే, ఇంకేం కాదు.

బాల్‌కు మాత్రం ఏ రంగూ వద్దు. నాలుగు సార్లు తగిలించి తీస్తే ఊడిపోతుంది, ఊడిన పెచ్చులు ట్రైలర్ వైపు బాల్‌ను పట్టుకునే కప్లర్‌లో ఇరుక్కుంటాయి. మెరైన్ గ్రీజు పల్చగా రాసి, పని లేనప్పుడు రబ్బరు టోపీ తొడగండి. టెన్నిస్ బంతి కోసి తొడిగేవాళ్లున్నారు, దాని పైబట్ట తేమ పీలుస్తుంది, నాకు నచ్చలేదు. ఇసుక కలిసిన పాత గ్రీజు మీదే కొత్తది రాస్తే బాల్ అరిగిపోతుంది, పాతది తుడిచేయాల్సిందే. పిన్ను బిగుసుకుంటే డబ్ల్యూడీ-40 కొట్టండి, దాని పని వదులు చేయడం వరకే, నెలల తరబడి కాపలా కాయదు. అన్నిటికన్నా ముఖ్యం, ట్రైలర్ లాగని రోజుల్లో కడ్డీని గొట్టంలోంచి బయటకు తీసి పెట్టడం. లోపలే వదిలేస్తే రెండూ తుప్పుతో ఒకటైపోతాయి, సుత్తితో కొట్టినా రావు.

తుప్పు పట్టిన హుక్కును బాగు చేయించాలా, పారేయాలా అని అడిగితే రంగు చూసి చెప్పను. స్క్రూడ్రైవర్‌తో వెల్డింగ్ పక్కన గట్టిగా పొడవండి. పొరలు పొరలుగా రాలినా, గుంతలు పడినా, సుత్తితో తడితే ఖంగుమనకుండా మొద్దు శబ్దం వచ్చినా కన్వర్టర్ కొనకండి, కొత్తది చేయించండి. రోడ్డు మీద ట్రైలర్ విడిపోతే వెనక వచ్చే మోటార్ సైకిల్ వాడికి ప్రాణాపాయం. ప్లేటును బోల్టులు విప్పి వెనక వైపు కూడా చూడాలి, చాసిస్‌కు, ప్లేటుకు మధ్య సందులోనే అసలు తినివేత దాక్కుంటుంది. బోల్టులు మారిస్తే తల మీద బలం గుర్తు 8.8 అని ఉన్నవి అడిగి తీసుకోండి.

సముద్రానికి దూరంగా ఉదయగిరి వైపు మెట్ట ఊళ్లలో ఉండే మా బావకు ఇదంతా చెబితే నవ్వాడు. అతని హుక్కుకు రెడ్ ఆక్సైడ్, నల్లరంగు, అంతే. ఏళ్లుగా చెక్కుచెదరలేదు. అక్కడివాళ్లు గాల్వనైజింగ్ కోసం చెన్నై దాకా పంపనక్కర్లేదు.