ఆరేళ్లు ఎట్‌సీడీ వాడాక: ముఖ్యంగా లాకులు పెట్టేవాళ్ల కోసం

ఎట్‌సీడీ అంటే కీ, దాని విలువ అనే జంటలుగా డేటాని కొన్ని మెషీన్ల మీద ఒకేలా దాచిపెట్టే స్టోర్. కుబర్నెటీస్ (కంటైనర్లని నడిపే వ్యవస్థ) వాడేవాళ్లకి అది ఎలాగూ అడుగున ఉంటుంది, మేం అది కాక విడిగా మా సర్వీసుల కాన్ఫిగ్‌కీ లాకులకీ (ఒక పని ఒకేసారి ఒక్కరే చెయ్యాలని పెట్టే తాళాలకీ) మూడు నోడ్ల (మెషీన్ల) క్లస్టర్ ఒకటి ఆరేళ్లుగా నడుపుతున్నాం. ముందే చెప్పేస్తా, డేటా విషయంలో మమ్మల్ని ఒక్కసారి కూడా మోసం చెయ్యలేదు. 3.5.0 నుంచి 3.5.2 దాకా వెర్షన్లలో లోడ్ ఎక్కువున్నప్పుడు ప్రాసెస్ చచ్చిపోతే నోడ్ల మధ్య డేటా తేడా వచ్చే బగ్ ఉండేది, 2022లో 3.5.3తో సరిచేశారు, మేం అప్పటికింకా 3.4 మీదే ఉన్నాం కాబట్టి బతికిపోయాం.

మొదటి ఏడాదంతా ఏడిపించింది డిస్కే. ఇది రాఫ్ట్ మీద, అంటే నోడ్లు ఒక లీడర్‌ని ఎన్నుకుని మెజారిటీతో ఒప్పందానికొచ్చే పద్ధతి మీద నడుస్తుంది, ప్రతి రైటూ మెజారిటీ నోడ్ల డిస్కుల్లోకి ఎఫ్‌సింక్ అయ్యాకే (నిజంగా డిస్క్ మీదికి రాయడం పూర్తయ్యాకే) మనకి ఓకే చెప్తుంది, అందుకే ఎంత ర్యామ్ పోసినా డిస్క్ నెమ్మదైతే అన్నీ నెమ్మదే. మేం వేరేవాటితో కలిపి ఒకే డిస్క్ మీద పెట్టాం, రాత్రి బ్యాకప్ మొదలవగానే ఎఫ్‌సింక్ సెకను దాటిపోయేది, ఎలక్షన్ టైమవుట్ (లీడర్ నుంచి కబురు కోసం ఆగే సమయం) డిఫాల్ట్‌గా 1000 మిల్లీసెకన్లే కదా, లీడర్ డిస్క్ దగ్గర ఇరుక్కుని హార్ట్‌బీట్ (బతికే ఉన్నానన్న కబురు) పంపకపోతే మిగతావి వాడు పోయాడనుకుని ఎన్నిక పెట్టేసేవి, కొత్త లీడర్ వచ్చేదాకా రైట్లన్నీ ఆగేవి. విడిగా ఎస్ఎస్‌డీ ఇచ్చాక ఆ గోల పోయింది.

ఇంకోటి, రెండు డేటాసెంటర్లలో పెడితే సేఫ్ అని పైవాళ్లు పట్టుబట్టారు. మూడు నోడ్లని రెండు చోట్ల ఎలా పంచినా ఒకచోట రెండు పడతాయి, ఆ చోటు పోతే మెజారిటీ పోయినట్టే, నాలుగో నోడ్ కలిపినా మెజారిటీ మూడుకి పెరుగుతుంది తప్ప తట్టుకునేది మళ్లీ ఒక్క నోడ్ పోవడాన్నే. ఇది అర్థం చేయించడానికి నాకు నెలలు పట్టింది. మూడో చోటు కావాల్సిందే, వేరే దారి లేదు.

ఇక లాకులు. నన్ను నిజంగా బాధపెట్టింది ఇదే. బిల్లింగ్ జాబ్ ఒకేసారి ఒక్క వర్కరే నడపాలని ఎట్‌సీడీ లాక్ పెట్టాం, లీజ్ (పొడిగించకపోతే లాక్ దానంతటదే పోయే గడువు) 10 సెకన్లు. ఒకరోజు లాక్ పట్టుకున్న వర్కర్ ఉన్న వీఎం (వర్చువల్ మెషీన్) అర నిమిషం దాకా స్తంభించింది, లీజ్ అయిపోయింది, రెండో వర్కర్ లాక్ తీసుకుని పని మొదలుపెట్టింది, అంతలో మొదటిది మేలుకుని తన చేతిలో లాక్ ఇంకా ఉందనుకుని ఆపిన చోట నుంచి రాసుకుంటూ పోయింది. కొందరు కస్టమర్లకి రెండేసి బిల్లులు వెళ్లాయి, వాళ్లకి ఫోన్లు చేసి క్షమాపణ చెప్పినవాళ్లలో నేనూ ఉన్నా, ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

ఎట్‌సీడీ ఇక్కడ తప్పేం చెయ్యలేదు, లీజ్ అయిపోతే లాక్ వదిలెయ్యాలి, వదిలేసింది. కానీ లాక్ అనే పేరు వింటే మనం ఒకే ప్రోగ్రాం లోపలి మ్యూటెక్స్ (థ్రెడ్ల మధ్య తాళం) లాంటిదే అనుకుంటాం, నెట్‌వర్క్ అవతల ఉన్నవాడు చచ్చాడో నిద్రపోయాడో ఎవరికీ తెలీదన్న సంగతి ఆ పేరు దాచేస్తుంది. 2020లో జెప్సెన్ (డేటాబేస్‌లని పరీక్షించేవాళ్లు) ఎట్‌సీడీ 3.4.3ని టెస్ట్ చేసినప్పుడు కూడా కీ-వాల్యూ ఆపరేషన్లు గట్టిగా నిలబడ్డాయి, లాకులు మాత్రం నిలబడలేదు. ఆ రిపోర్ట్ నేను బిల్లుల గొడవ అయ్యాక చదివా, ముందే చదివుండాల్సింది.

మా పరిష్కారం చిన్నదే. లాక్ కీ తయారైనప్పటి రివిజన్ నంబర్ (ఎట్‌సీడీలో ప్రతి మార్పుకీ పెరిగే లెక్క) తర్వాత తీసుకున్న లాక్‌కి ఎప్పుడూ పెద్దదే ఉంటుంది, ప్రతి రైటుతో పాటు దాన్ని బిల్లులుండే డేటాబేస్‌కి పంపిస్తున్నాం, అంతకన్నా పెద్ద నంబర్ అప్పటికే చూసుంటే డేటాబేస్ ఆ రైటుని తిప్పికొడుతుంది. నిద్రలేచిన పాత వర్కర్ ఏం రాసినా చెల్లదు.

స్టోరేజ్ డిఫాల్ట్ లిమిట్ 2 జీబీ, కంపాక్షన్ (పాత రివిజన్లని తుడిచెయ్యడం) పెట్టుకోకపోతే నిండిపోయి రైట్లు ఆగిపోతాయి, అదొకటి చూసుకోండి.

ఇప్పటికీ వాడుతున్నాం, మార్చే ఆలోచన లేదు. టీమ్‌లో ఎవరు లాక్ కోడ్ రాసినా రివ్యూలో నేను ముందు వెతికేది ఆ రివిజన్ నంబర్‌ని అవతల డేటాబేస్ వైపు చెక్ చేస్తున్నారా అని, అది లేకపోతే అప్రూవ్ చెయ్యట్లేదు.