అనంతపురం ఎండకు హెచ్‌ఎఫ్ సంకరమా, జెర్సీ సంకరమా?

ఆవును కొనేటప్పుడు అందరి చూపూ పొదుగు మీదే. అనంతపురం, కడప వైపు అంతకంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది: ఎండాకాలంలో ఇది చూలు కడుతుందా?

హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్), జెర్సీ రెండూ చలిదేశపు జాతులే. 25 డిగ్రీలు దాటితే రెండింటికీ ఇబ్బందే, మన దగ్గర మే నెలలో 40 మామూలు. కాకపోతే జెర్సీ 400 కిలోల ఆవు. తినేది తక్కువ, ఒంట్లో పుట్టే వేడీ తక్కువ. 600 కిలోల హెచ్‌ఎఫ్ ఆ వేడిని వదిలించుకోలేక రొప్పుతుంది, మేత మానేస్తుంది.

అసలు దెబ్బ ఎద దగ్గర, అంటే ఆవు జతకు సిద్ధమయ్యే సమయం దగ్గర తగులుతుంది. చల్లని రోజుల్లో 15 గంటలకు పైగా ఉండే ఎద ఎండల్లో 10 గంటల్లోపే ముగిసిపోవచ్చు, అదీ రాత్రిపూట. అరవదు, ఎగబడదు, తోక కింద జిగురు తీగలు మాత్రమే కనిపిస్తాయి. అందుకే తెల్లవారుజామున ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి కొట్టంలోకి వెళ్ళి చూడాలి. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాలి. వేసినాక వారం రోజులు పిండానికి గండం. తల్లి ఒళ్ళు కాగితే అది నిలవదు, 21 రోజులకు ఆవు మళ్ళీ ఎదకొస్తుంది. నింద మాత్రం సూది వేసినవాళ్ళ మీద పడుతుంది! ఆ వారమంతా నీడన కట్టి, మధ్యాహ్నం రెండు మూడుసార్లు ఒళ్ళు తడిపి, గాలి ఆడేలా చూడండి. గాలి లేని కొట్టంలో నీళ్ళు చల్లితే ఉక్క పెరుగుతుంది, అంతే.

పెయ్యకు తొలి సూది వేయించాలంటే వయసు కాదు, బరువు చూడాలి. జెర్సీ సంకరానికి 200 కిలోలు దాటాలి, హెచ్‌ఎఫ్ సంకరానికి 250. కాటా లేకపోతే ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసి, దాన్ని దాంతోనే గుణించి, అంగుళాల్లోనే తీసిన ఒంటి పొడవుతో మళ్ళీ గుణించి 660తో భాగించండి, బరువు కిలోల్లో వస్తుంది. ఉత్త వేరుశనగ కట్టె, జొన్న చొప్పతో పెరిగిన హెచ్‌ఎఫ్ పెయ్య ఆ బరువుకు రావడానికి ఏడాది అదనంగా పట్టినా ఆశ్చర్యం లేదు.

విదేశీ రక్తం సగం నుంచి 62.5 శాతం దగ్గర ఆపేయాలి. 75 దాటితే పాల ఆశ పెరుగుతుంది గానీ చూలు నిలవడం తగ్గుతుంది, పిడుదులతో వచ్చే థైలేరియా జ్వరం ప్రాణం మీదికి తెస్తుంది.

బోరులో ఏడాది పొడవునా నీళ్ళుండి పచ్చిమేత ఆగదనుకుంటే సగం హెచ్‌ఎఫ్ పెట్టుకోవచ్చు. మిగతా అందరికీ సగం జెర్సీయే మేలు. లీటర్లు తగ్గినా వెన్న శాతం ఎక్కువ. చిన్న ఒళ్ళున్న నాటు పెయ్యకు తొలిచూలుకు హెచ్‌ఎఫ్ సూది అసలు వద్దు, దూడ పెద్దదై ఈత కష్టమవుతుంది.