రాక్‌కి హెడ్‌ఫోన్స్ కొనాలంటే చూడాల్సింది మిడ్స్: హెచ్‌డీ 600 కొన్నేళ్లు వాడాక

సెన్‌హైజర్ హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్స్ గురించి రాసేవాళ్లలో చాలామంది దాంట్లో జాజ్, క్లాసికల్, మెల్లగా సాగే పాటలు విని రాస్తారు. చివర్లో "రాక్‌కి మాత్రం కాస్త చప్పగా ఉంటుంది" అని ఒక ముక్క తగిలిస్తారు. నేను కొన్నేళ్లుగా దీంట్లో వినేది దాదాపు అంతా రాక్, మెటలే. ఆ చివరి ముక్కతోనే నాకు పేచీ.

మిడ్స్ అంటే శబ్దంలో కింది బాస్‌కీ పై ట్రెబుల్‌కీ మధ్య ఉండే భాగం. అసలు ఈ మిడ్స్ గొడవ రాక్‌లోనే ఎందుకు ఎక్కువ? మామూలు ట్యూనింగ్‌లో ఉన్న గిటార్ అడుగు తీగ మోగేది 82 హెర్ట్జ్ దగ్గర. పై తీగని 24వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డ కమ్మీ) దగ్గర నొక్కినా 1,318 హెర్ట్జే. డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) పెడితే ఆ పైన హార్మోనిక్స్, అంటే అసలు స్వరానికి రెట్లుగా ఉండే పై స్వరాలు, గుంపుగా చేరతాయి. కానీ గిటార్ ఆంప్‌లో (యాంప్లిఫయర్) ఉండే 12 అంగుళాల స్పీకర్ 5,000 హెర్ట్జ్ దాటాక వేగంగా పడిపోతుంది. అంటే గిటార్ బతుకంతా ఆ మధ్యలోనే. గాయకుడి గొంతూ అక్కడే, స్నేర్ డ్రమ్ ఒళ్లూ అక్కడే, బాస్ గిటార్ ఏ స్వరం వాయిస్తోందో చెవికి పోల్చి చెప్పే భాగమూ అక్కడే. ఎలక్ట్రానిక్ సంగీతంలో కింద బాస్, పైన హైహ్యాట్ తాళాలు పెట్టి మధ్యలో చోటు వదులుతారు కాబట్టి మిడ్స్ కొంచెం లోతుకి వెళ్లినా ఇబ్బంది ఉండదు. రాక్‌లో మధ్యభాగం తగ్గిస్తే తగ్గేది పాటే.

దీనికి ముందు వాడింది పేరున్న ఒక కంపెనీ క్లోజ్డ్ బ్యాక్ (వెనక మూత ఉండే) హెడ్‌ఫోన్స్. బాస్, ట్రెబుల్ రెండూ ఎత్తి, మధ్యలో పల్లం పెట్టే రకం. దాన్నే వీ షేప్ అంటారు. మొదటి పది నిమిషాలు భలే ఉంటుంది. కిక్ డ్రమ్ గుండెకి తగులుతుంది, సింబల్స్ (డ్రమ్స్‌తో ఉండే ఇత్తడి తాళాలు) తళతళలాడతాయి. చరణం దాకా బాగానే నడుస్తుంది. కోరస్ (పల్లవి) వచ్చి రెండు గిటార్లూ ఒక్కసారి విచ్చుకోగానే గాయకుడు వాటి వెనక్కి వెళ్లిపోతాడు. మాటలు వినిపించక వాల్యూమ్ పెంచుతాం. అప్పుడు క్రాష్ సింబల్ చెవిలో గుచ్చుతుంది. తగ్గిస్తే గిటార్ పలచబడుతుంది. పాట అయ్యేదాకా వేలు వాల్యూమ్ మీదే.

ఇలా జరగడానికి కారణం ఉంది. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బాస్, ట్రెబుల్ సరిగ్గా అందవని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. అందుకే సన్నగా పెట్టుకుని వింటే వీ షేప్ నిండుగా అనిపిస్తుంది. వాల్యూమ్ పెరిగేకొద్దీ చెవే ఆ లోటు పూడ్చుకుంటుంది, అప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టిన అదనం మోతగా మారుతుంది. రాక్‌ని ఎవరూ గుసగుసలా వినరు కదా.

ఇక హెచ్‌డీ 600. 1997లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముడవుతోంది. ఓపెన్ బ్యాక్, అంటే డ్రైవర్ వెనక జాలీయే తప్ప మూత ఉండదు. 200 నుంచి 1,000 హెర్ట్జ్ దాకా ఇందులో ఎత్తుపల్లాలు దాదాపు లేవు. అక్కడినుంచి 3,000 వైపు మెల్లగా పైకి వెళ్తుంది. ఎదురుగా స్పీకర్ మోగుతుంటే మన చెవి నిర్మాణం కూడా ఆ భాగాన్ని అలాగే పెంచుతుంది కాబట్టి ఆ ఎత్తు ఎత్తులా తెలియదు.

గ్రాఫ్ సంగతి అలా ఉంచి, వింటే ఏమవుతుందో చెప్తాను. రాక్ రికార్డింగుల్లో ఒకే రిఫ్‌ని (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరస) రెండుసార్లు వాయించి ఒకటి ఎడమకి, ఒకటి కుడికి పెట్టడం మామూలు. పాత హెడ్‌ఫోన్స్‌లో అవి రెండూ కలిసి ఒకే మోత. ఇందులో ఎడమవైపు దెబ్బ వెంట్రుకవాసి ముందు పడటం, కుడివైపు వేలు తీగ మీద జారిన చప్పుడు, ఇవి రెండు వేర్వేరు టేకులన్న సంగతి తెలుస్తాయి. అరచేయి ఆనించి కొట్టే పామ్ మ్యూట్ చాలా హెడ్‌ఫోన్స్‌లో ఉత్త దబ్ దబ్‌మని వినిపిస్తుంది. ఇక్కడ ఆ దబ్ వెనక ఏ కార్డ్ పట్టుకున్నాడో కూడా తెలుస్తుంది. బాస్ గిటార్ తీగ ఫ్రెట్‌కి తగిలి చేసే గరగర వినిపిస్తుంది కాబట్టి పాటంతా బాస్ ఒక్కదాన్నే పట్టుకుని వెళ్లొచ్చు. కోరస్‌లో గాయకుడు ఉన్నచోటే ఉంటాడు. బొంగురు గొంతులో జీర, అరవబోయే ముందు లోపలికి తీసుకున్న ఊపిరి, గిటార్ల హోరులోనూ విడిగా ఉంటాయి.

మరి చప్పదనం మాటేమిటి? అది రెండు విషయాల వల్ల వచ్చిన పేరు. ఒకటి, శబ్దం తల చుట్టూ విశాలంగా పరుచుకోదు, దగ్గరగా ఉంటుంది. రాక్‌కి ఇది నాకు లాభంగానే తోచింది. బ్యాండ్ ఎదుటే నిలబడి వాయిస్తున్నట్టు ఉంటుంది. రెండోది బాస్, ఇది మాత్రం నిజమైన లోటే. 60 హెర్ట్జ్ కింద పడిపోతూ ఉంటుంది. బాస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ అయినా, దాంట్లో మనం ఎక్కువగా వినేది 82 నుంచి పైన ఉండే హార్మోనిక్స్‌నే కాబట్టి డెబ్బైల నాటి రాక్‌కి పెద్దగా నష్టం లేదు. అయిదు తీగల బాస్‌తో 31 హెర్ట్జ్ దాకా దిగే ఈకాలపు మెటల్‌కి నష్టం తెలుస్తుంది. రిఫ్ స్పష్టంగా వినిపిస్తుంది గానీ బరువు ఉండదు. ఛాతీ అదిరితే తప్ప తృప్తి లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

పాడైన మిక్సింగ్‌ని ఏ హెడ్‌ఫోన్సూ బాగుచేయదు. మెటాలికా 1988 ఆల్బమ్ '...అండ్ జస్టిస్ ఫర్ ఆల్'లో బాస్ గిటార్ దాదాపు వినపడదన్నది అందరికీ తెలిసిందే. పైగా గిటార్లలో మిడ్స్ తవ్వేసి ఉంటాయి. మిడ్స్ తవ్వేసిన రికార్డింగ్‌ని మిడ్స్ తవ్వేసిన హెడ్‌ఫోన్స్‌లో వింటే ఎముకలే మిగులుతాయి. హెచ్‌డీ 600 లేని బాస్‌ని తెచ్చిపెట్టదు, ఉన్న గిటార్‌ని మాత్రం ఉన్నంతా ఇస్తుంది.

"మిడ్స్ బలంగా ఉన్నవి చెప్పండి" అని అడిగేవాళ్లు ముందు ఒకటి తేల్చుకోవాలి. బలంలో రెండు రకాలున్నాయి. 300 నుంచి 1,000 దాకా నిండుగా ఉండటం ఒకటి. 2,000 నుంచి 4,000 మధ్య ముందుకు దూకడం ఇంకొకటి. గ్రాడో ఎస్ఆర్80 రెండో రకం. సుమారు 2,000 దగ్గర ఎత్తు ఉంటుంది, గిటార్ మీదికి వచ్చేస్తుంది. పంక్ లాంటి గరుకు సంగీతానికి ఆ కాటు ముందు హెచ్‌డీ 600 నిజంగానే మర్యాదస్తుడు. గ్రాడో ఇంపీడెన్స్ (కరెంటుకి ఇచ్చే అడ్డు) 32 ఓమ్సే కాబట్టి ఫోన్‌కి నేరుగా పెట్టుకోవచ్చు. స్పాంజి ప్యాడ్ చెవి చుట్టూ కాకుండా చెవి మీదే కూర్చుంటుంది. నాలుగు పాటలు వినడానికి నేను అదే తీస్తాను. మొత్తం ఆల్బమ్ అయితే హెచ్‌డీ 600. మన చెవి చాలా చురుగ్గా ఉండేది సరిగ్గా ఆ 2,000-5,000 మధ్యలోనే కాబట్టి అక్కడ ఎత్తు ఎక్కువైతే అలసట త్వరగా వస్తుంది.

2003లో వచ్చిన హెచ్‌డీ 650 ఇదే కుటుంబం. కొంచెం వెచ్చగా, పైభాగం కొంచెం మెత్తగా ఉంటుంది. మీ దగ్గరున్న రికార్డింగులు ఎక్కువగా గీపెట్టే రకమైతే అదే తీసుకోండి.

హెచ్‌డీ 600కి విడిగా ఆంప్ కావాలా అంటే, దీని ఇంపీడెన్స్ 300 ఓమ్స్. ఫోన్‌కి తగిలించే చిన్న డాంగిల్‌తోనూ మోగుతుంది గానీ తక్కువ లెవెల్లో రికార్డ్ చేసిన పాత ఆల్బమ్‌లకి వాల్యూమ్ చివరిదాకా పోతుంది. మామూలు డెస్క్‌టాప్ ఆంప్ చాలు, దానికోసం అప్పులు చేయక్కర్లేదు. ఒక విశేషం మాత్రం చెప్పాలి. 100 హెర్ట్జ్ ప్రాంతంలో దీని ఇంపీడెన్స్ 500 ఓమ్స్ దాటుతుంది. అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువగా ఉండే కొన్ని ట్యూబ్ ఆంప్‌లకి తగిలిస్తే సరిగ్గా ఆ చోట శబ్దం కొంచెం ఉబ్బుతుంది. కిక్ డ్రమ్‌కి, బాస్ గిటార్‌కి కండ పడుతుంది. కొలతల పట్టింపు ఉన్నవాళ్లకి ఇది నచ్చదు, నాకు రాక్ వరకు నచ్చింది.

ఒంటికి ఎలా ఉంటుందంటే, 260 గ్రాములే కాబట్టి బరువు తెలియదు. కొత్తలో పట్టు గట్టిగా ఉంటుంది. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకి కణతల దగ్గర నొక్కుతుంది. రాత్రిపూట పుస్తకాల కట్టకి తగిలించి ఉంచితే కొన్నాళ్లకి సర్దుకుంటుంది. వెల్వెట్ ప్యాడ్స్ వాడేకొద్దీ అణిగిపోతాయి, డ్రైవర్ చెవికి దగ్గరవుతుంది. ఇది రోజూ కొంచెం కొంచెంగా జరగడంతో గమనించం. గొంతులు ఎప్పుడూ లేనిది పదునెక్కినట్టు అనిపిస్తే ఈక్యూ (శబ్దంలో ఏ భాగం ఎంత మోగాలో మార్చే సెట్టింగ్) జోలికి పోకుండా ముందు ప్యాడ్స్ మార్చండి. మార్చాక నాకు వచ్చిన తేడా ఆంప్ మార్చినప్పుడు కూడా రాలేదు. ప్యాడ్స్, కేబుల్, తల మీది మెత్త, అన్నీ విడిగా దొరుకుతాయి, చేత్తో ఊడదీసి పెట్టుకోవచ్చు. ఇన్నేళ్లయినా ఇది మన్నడంలో సగం కారణం అదే.

కొనేముందు విని చూసే అవకాశం ఉంటే గిటార్ ఒక్కటే మోగే ఇంట్రోలు పెట్టకండి, అవి ఎందులోనైనా బాగుంటాయి. మీకు కంఠతా వచ్చిన పాటలో వాయిద్యాలు బాగా కిక్కిరిసిన కోరస్ తీసుకోండి. వాల్యూమ్ కదపకుండా మాటలు అందుతున్నాయా చూడండి. రెండోసారి బాస్ గిటార్ మీదే చెవి పెట్టండి, మూడోసారి క్రాష్ సింబల్ మీద. రెండు హెడ్‌ఫోన్స్ పోలుస్తుంటే శబ్దం రెండింటిలోనూ సమానంగా ఉండాలి. ఒక్క డెసిబెల్ ఎక్కువగా మోగేదే మెరుగనిపిస్తుంది.

ఇది వాడటం మొదలుపెట్టాక నా వాల్యూమ్ తగ్గింది. గొంతు కోసం పెంచాల్సిన పని లేకపోవడమే కారణం. ఇది చిన్న విషయం కాదు. పనిచోట ఆరోగ్య భద్రత చూసే అమెరికా నియోష్ సంస్థ లెక్కలో 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు వినొచ్చు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర మిగిలేది గంట.

పక్కన మనుషులుండే చోట మాత్రం దీన్ని వాడలేం. మీ పాట వాళ్లకీ వినిపిస్తుంది, వాళ్ల మాటలు మీకూ వినిపిస్తాయి. ప్రయాణాలకి, ఆఫీసుకి క్లోజ్డ్ బ్యాక్ తప్పదు. అక్కడ 1991 నుంచి స్టూడియోల్లో నలిగిన సోనీ ఎండీఆర్-7506 లాంటివి చూడొచ్చు, కాకపోతే దాని ట్రెబుల్ చురుకే, దానికి సిద్ధపడాలి.

నా ఈక్యూ అడిగేవాళ్లకి: 60 హెర్ట్జ్ దగ్గర లో షెల్ఫ్ (ఆ కింది భాగాన్నంతా కలిపి ఎత్తే ఫిల్టర్) 4 డెసిబెల్స్ పైకి, శబ్దం క్లిప్ కాకుండా (పగలకుండా) ఈక్యూలోని ప్రీఆంప్, అంటే మొత్తం లెవెల్, అంతే కిందికి. 4 కంటే ఇంకా పెంచితే బాస్ ముద్దగా మారుతోంది. మిడ్స్‌ని ముట్టుకోలేదు.