రెడీమేడ్ ప్యాచా, చేయించుకున్న ప్యాచా? రెండూ ఏళ్ల తరబడి వాడినవాడి మాట

హెయిర్ ప్యాచ్ పెట్టుకుందామని నిర్ణయించుకున్న ఎవరికైనా మొదట వచ్చే సందేహం ఇదే. రెడీమేడ్‌ది కొనుక్కుని కత్తిరించుకోవాలా, కొలతలిచ్చి చేయించుకోవాలా? అమ్మేవాళ్లు సాధారణంగా "మీ తలకు అతికినట్టు రావాలంటే కస్టమే సార్" అంటారు. ఏళ్ల తరబడి రెండు రకాలూ నెత్తిన పెట్టుకుని తిరిగాను కాబట్టి చెబుతున్నాను. కస్టమ్ చేయించుకోవడానికి గట్టి కారణాలే ఉన్నాయి, కానీ కొలత వాటిలో చిట్టచివరిది. కస్టమ్‌కి వెళ్లాలంటే వెంట్రుకల కోసం వెళ్లాలి, బేస్ (వెంట్రుకలు కట్టి ఉండే అడుగు పొర) కోసం కాదు.

ముందు ఆ కొలతల సంగతి తేల్చేస్తాను. రెడీమేడ్ ప్యాచ్‌లు ఎక్కువగా 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడవుతో వస్తాయి. అంతకన్నా చిన్నవీ దొరుకుతాయి. నడినెత్తి మొత్తం ఖాళీ అయినా, ఆ 8×10లోంచి మనకు కావలసిన ఆకారం కత్తిరించుకోవడానికి చాలామందికి చోటు సరిపోతుంది. బేస్ అంతా పల్చటి స్కిన్ (చర్మంలా కనబడే ప్లాస్టిక్ పొర) అయితే ఎటు కావాలంటే అటు కత్తిరించుకోవచ్చు. అంతా లేసే (సన్నటి వలగుడ్డ) అయినా అంతే. ఇబ్బంది వచ్చేది మధ్యలో లేసో, మోనో అనే కొంచెం గట్టి వలగుడ్డో ఉండి, చుట్టూ పాలీ అంచు (స్కిన్ లాంటి ప్లాస్టిక్ పట్టీ) కుట్టినవాటితో. ఆ అంచు ఎంత వెడల్పుందో అంతవరకే కత్తెర పెట్టాలి. దాటితే టేపు అంటించడానికి చోటు మిగలదు. అంచు వెడల్పు ఎంతో కొనేముందే అడిగి తెలుసుకోండి.

మరీ పెద్ద తల ఉన్నవాళ్లకీ, బట్టతల చెవుల పైదాకా దిగినవాళ్లకీ, తల మీద పాత గాయం గుంటో సర్జరీ మచ్చో ఉన్నవాళ్లకీ కొలత కూడా కారణమే. వాళ్లు కస్టమ్‌కే వెళ్లాలి. మిగిలినవాళ్లకు పల్చటి స్కిన్ బేస్ అంటించగానే తల వంపుకి తనే సర్దుకుంటుంది. నేను అచ్చు (తల ఆకారానికి తీసిన మూస) ఇచ్చి చేయించుకున్న బేస్‌కీ, మంచి హెయిర్‌స్టైలిస్ట్ కత్తిరించి అమర్చిన రెడీమేడ్ బేస్‌కీ తల మీద పెట్టుకున్నాక తేడా నాకే తెలియలేదు. ఇక ఎదుటివాళ్లకేం తెలుస్తుంది?

అచ్చుకి ఇంకో చిక్కు కూడా ఉంది. మగవాళ్ల బట్టతలని దశలుగా చెప్పడానికి హామిల్టన్ 1951లో చేసిన వర్గీకరణను నార్వుడ్ 1975లో సవరించాడు. అందులో ఏడు దశలు. నాలుగో దశలో ఉండగా తీయించుకున్న అచ్చు ఆరో దశకి వచ్చేసరికి పనికిరాదు. జుట్టు ఇంకా రాలుతున్న వయసులో కస్టమ్ అచ్చు తీయించుకోవడం, ఎదిగే పిల్లాడికి సరిగ్గా ఒంటికి పట్టే బట్టలు కుట్టించడం లాంటిది. రాలడం ఆగిందనిపించేదాకా రెడీమేడ్‌తోనే గడపడం మేలు. ప్రతిసారీ కొంచెం పెద్దగా కత్తిరించుకుంటే సరిపోతుంది.

ఇక వెంట్రుకల విషయానికొద్దాం. అసలు తేడా ఇక్కడే.

ముందు ఒత్తు. రెడీమేడ్ ప్యాచ్‌లో జుట్టు చాలావరకు ఒకే ఒత్తుగా ఉంటుంది. ఇరవైల్లో ఉన్న కుర్రాడికి అది నప్పుతుంది. నలభై దాటినవాళ్ల నుదుటి మీద అంత ఒత్తుగా, అంత కిందికి మొదలైతే చూసినవాళ్లు మాట్లాడుతూ మాట్లాడుతూ మన కళ్లలోకి కాకుండా పైకి చూస్తారు. ఆ చూపు తెలిసినవాళ్లకి తెలుసు. కస్టమ్ ఆర్డర్ ఫారంలో ముందు భాగం, నడినెత్తి, సుడి, పక్కలు, వెనక అని విడివిడిగా ఒత్తు రాసివ్వొచ్చు. ముందు పల్చగా మొదలై వెనక్కి వెళ్లేకొద్దీ చిక్కబడేలా చేయించుకుంటే సగం పని అయిపోయినట్టే. అయితే శాతాలని నమ్ముకోకండి. ఒకరి 100 శాతం ఇంకొకరి దగ్గర 120 అవుతుంది. రెడీమేడ్‌లోనూ దీనికో దారి ఉంది. ముందు అరంగుళం మేర కొన్ని వెంట్రుకలు ట్వీజర్‌తో పీకించి పల్చబరచొచ్చు. ఓపిక ఉన్న స్టైలిస్ట్ చేతిలో అది బాగానే వస్తుంది.

సుడి గురించి ఎవరూ చెప్పరు. మన జుట్టు ఏ వైపు తిరుగుతుందో, సుడి నడిమధ్యన ఉందో పక్కకి ఉందో అన్నదాన్ని బట్టి వెనక మిగిలిన సొంత జుట్టు పడే దిశ ఉంటుంది. చాలా రెడీమేడ్ ప్యాచ్‌లలో వెంట్రుకలు ఎటు దువ్వితే అటు పడేలా ఉంటాయి, సుడి ఉంటే మధ్యలోనే ఉంటుంది. వెనక నుంచి చూసేవాళ్లకి ప్యాచ్ జుట్టూ సొంత జుట్టూ రెండు వేర్వేరు దారుల్లో వెళ్తున్నట్టు కనబడుతుంది. పొట్టిగా కత్తిరించుకునేవాళ్లకి ఇది మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, జుట్టు పొడుగ్గా పెంచుకునేవాళ్లకి అసలు సమస్యే కాదు. కస్టమ్‌లో నాకు బాగా నచ్చింది ఇదే. అచ్చు మీద మార్కర్‌తో సుడి ఎక్కడుందో, ఎటు తిరుగుతుందో బాణం గుర్తు వేసి పంపితే అలాగే అల్లుతారు.

నెరిసిన జుట్టు ఉన్నవాళ్లు మాత్రం కస్టమ్‌కి వెళ్లాలనే అంటాను, దాని తలనొప్పులు తెలిసి కూడా. రెడీమేడ్‌లో రంగుకి కోడ్‌లు ఉంటాయి. 1 అంటే కారు నలుపు, 1బి అంటే మామూలు నలుపు, 1బి20 అంటే మామూలు నలుపులో 20 శాతం తెల్లవెంట్రుకలు. ఆ 20 శాతం ప్యాచ్ అంతటా ఒకేలా చల్లినట్టు ఉంటుంది. కానీ మన తల అలా నెరవదు కదా. కణతల దగ్గర ముందు, నడినెత్తిన తర్వాత. కాబట్టి ప్యాచ్ అంచులు పక్కల జుట్టుతో కలిసేచోట ఎక్కువ, పైన తక్కువ ఉండాలి. ఇది చెప్పి చేయించుకోవాల్సిందే.

తెల్లవెంట్రుకలు చాలావరకు సింథటిక్ పోగులే. నల్ల జుట్టుని బ్లీచ్ చేసి తెల్లగా మారిస్తే కొన్నాళ్లకి పసుపు పచ్చగా తేలుతుంది, పీచులా అవుతుంది. అందుకని ఫ్యాక్టరీల్లో సింథటిక్ వాడతారు. ఆ పోగుకి రంగు పట్టదు, వెలిసిపోదు. డ్రయ్యర్ మరీ వేడిగా పెడితే మాత్రం ముడుచుకుపోతుంది. ప్యాచ్‌లో వాటి చుట్టూ ఉన్న అసలు జుట్టేమో ఎండకి, ఉప్పునీళ్లకి, తలస్నానాలకి మెల్లగా ఎర్రబడుతుంది. రెండు నెలలయ్యేసరికి ఎర్ర జుట్టులో తెల్ల పోగులు మరీ మెరుస్తూ కనబడతాయి. కలర్ డిపాజిటింగ్ కండిషనర్ (జుట్టుకి కొంచెం రంగు పట్టించే కండిషనర్) వాడితే అసలు జుట్టు మళ్లీ నల్లబడుతుంది, తెల్లవి అలాగే ఉంటాయి. నాకు ఇది పనిచేసింది.

ఉంగరాల జుట్టు సంగతీ ఇంతే. ఉంగరం ఎంత వెడల్పో మిల్లీమీటర్లలో చెబుతారు, రెడీమేడ్‌వి ఎక్కువగా 30, 32 మిల్లీమీటర్ల తరంగంతో వస్తాయి. అంటే దాదాపు సాదా జుట్టే, కొంచెం వంపుతో. అంకె తగ్గేకొద్దీ ఉంగరం బిగుస్తుంది. సొంత జుట్టు బాగా ఉంగరాలు తిరిగినవాళ్లు సాదా ప్యాచ్ కొని పెర్మ్ (రసాయనాలతో ఉంగరాలు తిప్పించడం) చేయిస్తే అప్పటికే రసాయనాల్లో నానిన వెంట్రుక ఇంకా బలహీనమవుతుంది. మొదటి నుంచీ ఆ ఉంగరంతోనే చేయించుకోవడం నయం.

కస్టమ్ అయితే ఎక్కువకాలం మన్నుతుందని అనుకునేవాళ్లు చాలామంది. మన్నదు. మన్నికని తేల్చేది బేస్ మందం, వెంట్రుకని కట్టిన తీరు. 0.03 మిల్లీమీటర్ల స్కిన్ రెడీమేడ్ అయినా, చేయించుకున్నదైనా నెలకి అటూ ఇటూగా చిరుగుతుంది. నుదుటి దగ్గర మాత్రం దాన్ని మించింది లేదు, వేలితో తడిమితే తప్ప తెలియదు. 0.08, 0.1 దగ్గరికొస్తే ఇంకొన్ని నెలలు ఎక్కువ వస్తుంది, కానీ వెలుతురులో అంచు కొంచెం మెరుస్తుంది. లేస్‌కి గాలి ఆడుతుంది, చెమట పట్టేవాళ్లకి సుఖం. కానీ దాని కంతల్లో ఇరుక్కున్న గ్లూ తీయడం ఓ యజ్ఞం. లేస్‌కి వెంట్రుకని కట్టిన ముడి కనబడకుండా బ్లీచ్ చేస్తారు, ఆ బ్లీచే వెంట్రుక మొదలుని బలహీనం చేస్తుంది. అందుకే ముందు వరస మొదట రాలుతుంది. కస్టమ్‌కి ఇచ్చిన డబ్బు వీటిలో దేన్నీ మార్చదు.

మారేది ఎదురుచూపు. రెడీమేడ్ కొద్ది రోజుల్లో చేతికొస్తుంది. కస్టమ్‌కి రెండు మూడు నెలలు మామూలే. అంటే ఒకటి నెత్తిన, ఒకటి బీరువాలో, ఒకటి ఆర్డర్‌లో ఉండాలి. ఇది లెక్క చూసుకోకుండా ఒక్కటే చేయించుకుంటే అది పాడైన రోజు నుంచి టెన్షనే. ఇంకొకటి, అదే ఆర్డర్ మళ్లీ ఇచ్చినా అదే వస్తుందని గ్యారంటీ లేదు. నాకు ఓ సారి అదే ఫారం, అదే జుట్టు శాంపిల్‌తో వచ్చింది ఒక ఛాయ ఎర్రగా ఉంది. కొలతలిచ్చి చేయించినది వాపసు తీసుకోం అన్నారు. రెడీమేడ్ అయితే కత్తెర పెట్టకముందు చాలాచోట్ల మార్చి ఇస్తారు.

రెండింటికీ మధ్యలో ఒక రకం ఉంది, దాని గురించి ఎవరూ గట్టిగా చెప్పరెందుకో. స్టాక్‌లో ఉన్న బేస్‌నే తీసుకుని, ముందు వరస పల్చబరచడం, చెప్పినచోట తెల్లవెంట్రుకలు కలపడం, కావలసిన ఆకారానికి కత్తిరించడం ఫ్యాక్టరీలోనే చేసి పంపుతారు. కస్టమ్‌కి పట్టే సమయంలో కొంత భాగమే పడుతుంది. సుడి, ఉంగరం మార్చరు, అది లోటే. నేను ఇప్పుడు రోజువారీకి ఇదే వాడుతున్నాను. పూర్తి కస్టమ్ ఒకటి పక్కన పెట్టుకుంటాను, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నప్పుడు తీస్తాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఒక రెడీమేడ్ స్కిన్ బేస్ తీసుకోండి. గ్లూ పడుతుందా, తల దురద పెడుతుందా, రెండు వారాలకోసారి తీసి శుభ్రం చేసుకునే ఓపిక ఉందా అన్నవి తేలకుండా అచ్చు తీయించుకోవద్దు. అన్నీ తేలాక, కస్టమ్‌కే వెళ్దామనుకుంటే శాంపిల్ దగ్గర పిసినారితనం చేయకండి. ఫోటోలో రంగు తెలియదు. పక్కల నుంచి కొంచెం, వెనక నుంచి కొంచెం, ఒక్కొక్కటి పెన్సిల్ మందాన కత్తిరించి, ఎక్కడిదో రాసి విడివిడిగా టేపు అంటించి పంపండి. రంగు వేయించుకున్న వారంలో మాత్రం కత్తిరించకండి, ఆ తాజా నలుపుకే మ్యాచ్ చేసి పంపుతారు.