ఎల్క్ వేటకు తూటాలు కొనేవాళ్లకు హెచ్చరిక: ‘హాలో పాయింట్’ (మొనలో చిల్లున్న బుల్లెట్) అనే మాట చూసి నమ్మకండి

కొలరాడోలో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు అనుమతి ఉండే రెండో రైఫిల్ సీజన్‌కు ఇంకా కొద్ది రోజులే ఉంది. మనవాళ్లు చాలామంది ఈ వారాంతంలోనే తూటాలు కొంటారు. అందుకే కోపం చల్లారేదాకా ఆగకుండా ఇప్పుడే రాస్తున్నాను. నా చేతి మీదుగా ఒక ప్రాణి పడకూడని బాధ పడి చనిపోయింది. అందులో నా తప్పు ఎంతో, ఆ తూటాలు నాకు అంటగట్టిన మనిషి తప్పు ఎంతో రెండూ చెబుతాను.

దుకాణం పేరు రాయడం లేదు. అక్కడ కొనేవాళ్లకు చదవగానే తెలిసిపోతుంది. నా సంగతి క్లుప్తంగా చెబుతాను. డెన్వర్ దగ్గర పదకొండేళ్లుగా ఉంటున్నాను. రెండేళ్లుగా మా పక్కింటి పెద్దాయన వెంట అడవికి వెళ్తున్నాను. వేట శిక్షణ పూర్తిచేసినట్టు హంటర్ ఎడ్యుకేషన్ కార్డు ఉంది, .308 విన్‌చెస్టర్ రైఫిల్ ఉంది. ఈ ఏడాది లైసెన్సుల లాటరీలో (డ్రా) మొదటి సీజన్‌కు ఆడ ఎల్క్ లైసెన్సు వచ్చింది. వెళ్లింది మీకర్ వైపు, వైట్ రివర్ అడవికి.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది. మనలో చాలామందికి ఇది తండ్రి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన విద్య కాదు. ఇక్కడి పిల్లలు పన్నెండేళ్లకే తాతతో కలిసి ఎల్క్ వేటకు వెళ్తారు. మనం నలభై దాటాక మొదలుపెడతాం. అందుకే కౌంటరు వెనక నిలబడ్డ మనిషి చెప్పిందే మనకు వేదం. నేను నమ్మాను కాబట్టే ఇదంతా జరిగింది.

వేసవి అంతా తూటాల గురించే చదివాను. .308 చాలుతుందా, 30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ కొనాల్సిందా, 6.5 క్రీడ్‌మూర్ ఎల్క్‌కు తేలికవుతుందా, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ దెబ్బను భుజం తట్టుకుంటుందా అని రాత్రుళ్లు మేలుకుని మరీ చదివాను. కొలరాడో నిబంధనలూ చూశాను. ఎల్క్‌కు కనీసం .24 క్యాలిబర్, కనీసం 85 గ్రెయిన్ల (తూటాల బరువు కొలత) బరువున్న బుల్లెట్ (తూటా చివర నుంచి ఎగిరి వెళ్లి తగిలే ముక్క), 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి. బుల్లెట్ తగలగానే విచ్చుకునే రకమై ఉండాలి. శక్తి లెక్కలో నా తూటా నిబంధనకు రెండింతలు దాటింది. అది చూసి తృప్తి పడ్డాను. విచ్చుకోవడం గురించిన ఆ ఒక్క వాక్యం మీద మాత్రం పది నిమిషాలు కూడా పెట్టలేదు. నా తప్పు అక్కడే మొదలైంది.

సెప్టెంబరు చివరలో ఒక శనివారం ఆ దుకాణానికి వెళ్లాను. నారింజ రంగు కోటు, టోపీ, మాంసం మోసే నాలుగు గుడ్డ సంచులు తీసుకుని తూటాల కౌంటరు దగ్గరికి వచ్చాను. ఏ సీజన్ అని కౌంటరు వెనకున్న మనిషే అడిగాడు. మొదటి సీజన్, ఆడ ఎల్క్, .308 అని చెప్పాను. వెనక అర వైపు చూసి ఒక పెట్టె తీశాడు. 168 గ్రెయిన్ల మ్యాచ్ తూటాలు, అంటే గురి పోటీల కోసం చేసినవి. ఇంత కచ్చితంగా తగిలేవి తమ దగ్గర ఇంకేవీ లేవన్నాడు.

“ఎల్క్‌కు పనికొస్తాయా? విచ్చుకుంటాయా?” అని అడిగాను. ఈ రెండు ప్రశ్నలూ అడిగానని ప్రమాణం చేసి చెప్పగలను.

పెట్టె మీది అక్షరాల మీద వేలు పెట్టి చూపించాడు. “హాలో పాయింట్ అని రాసి ఉంది చూడండి. హాలో పాయింట్ అంటేనే విచ్చుకునేది.”

మూడు పెట్టెలు కొన్నాను, పెట్టెకు ఇరవై చొప్పున. వేట తూటాలు ఉండాల్సిన అర ఆ రోజు దాదాపు ఖాళీగా ఉందని తర్వాత గుర్తొచ్చింది. సరుకు అయిపోయిందని ఒక్క మాట చెప్పి ఉంటే ఇంకో దుకాణానికి వెళ్లేవాడిని.

రేంజిలో (గురి సాధన చేసే చోట) కాల్చి చూస్తే 100 గజాల దగ్గర మూడు రంధ్రాలూ పావు డాలరు బిళ్ల కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. తూటాలు ఎల్క్‌వేనా అని పెద్దాయన అడిగారు. దుకాణంలో చెప్పే తీసుకున్నానన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు.

మూడో రోజు ఉదయం ఏడున్నరకు ఆస్పెన్ చెట్ల అంచున ఐదు ఎల్క్‌లు కనిపించాయి. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌లో 180 గజాలు. చివర ఉన్న ఆడది పూర్తిగా పక్కకు తిరిగి నిలబడింది. రైఫిల్‌ను నేల మీద ఆనించి, ముందు కాలి వెనక, ఛాతీలో మూడో వంతు ఎత్తులో గురి పెట్టాను. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో గురి ఎక్కడుందో ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. అది ఒక్కసారి వీపు పైకి ముడుచుకుని, మందతో పాటు చెట్లలోకి వెళ్లిపోయింది. రెండోసారి కాల్చే వీలు దొరకలేదు.

అరగంట ఆగి వెళ్లాం. గులాబీ రంగులో, నురుగుతో ఉన్న నెత్తురు కనిపించింది. అది ఊపిరితిత్తుల నెత్తురు. దగ్గర్లోనే పడి ఉంటుందని పెద్దాయన అన్నారు. కానీ చుక్కలు జొన్నగింజంతే ఉన్నాయి. అవీ పది అడుగులకు ఒకటి, ఆ తర్వాత ఇరవై అడుగులకు ఒకటి. మూడు వందల గజాల తర్వాత అది పడుకున్న చోటు దొరికింది. గడ్డి అణిగి ఉంది, మధ్యలో అరచేయంత నెత్తుటి మడుగు. అది లేచి వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి రెండో చోటు దొరికింది. అక్కడి నుంచి జాడ ఇంకా సన్నబడింది. సాయంత్రం ఐదింటికి మంచు మొదలైంది. తలకు దీపాలు కట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో ఆకూ తిప్పి చూస్తూ రాత్రి తొమ్మిదిదాకా వెతికాం. మంచు జాడ మొత్తాన్ని కప్పేసింది.

మర్నాడు పదింటికి మాగ్‌పై పిట్టల అరుపులు విని అటు వెళ్లాం. దట్టమైన స్ప్రూస్ చెట్ల కింద మూడో చోటు ఉంది. చుట్టూ అంతా తెల్లగా ఉంది, అది పడుకున్నంత మేర మంచు కరిగి నల్లటి నేల కనిపిస్తోంది. మంచు పడింది సాయంత్రం ఐదు తర్వాత. అంటే ఉదయం ఏడున్నరకు నేను కాల్చిన ప్రాణి ఆ సాయంత్రం ఇంకా వెచ్చగా, ఊపిరి తీసుకుంటూ అక్కడే పడుకుని ఉంది. తొమ్మిది గంటలకు పైగా. అక్కడికి ఇరవై అడుగుల దూరంలో చనిపోయి ఉంది. వెనక భాగాన్ని కయోట్లు (నక్కలాంటి జంతువులు) తినేశాయి.

పెద్దాయన చొక్కా జేబులోంచి పెన్సిల్ తీసి, బుల్లెట్ లోపలికి వెళ్లిన రంధ్రం పక్కన పెట్టారు. రెండూ ఒకే లావు. దాన్ని అటువైపు తిప్పి, బయటికి వచ్చిన రంధ్రం పక్కన పెట్టారు. అక్కడా అంతే. అప్పుడు నా మ్యాగజైన్‌లోంచి ఒక తూటా తీసి మొన చూశారు. మొన మీద సూది మాత్రమే దూరేంత చిన్న చిల్లు ఉంది. “ఇది కాగితాలు కాల్చడానికి చేసింది” అన్నారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ నొప్పి కలిగించింది.

ఆ చిల్లు బుల్లెట్ విచ్చుకోవడానికి పెట్టింది కాదు. రాగి తొడుగును అడుగు నుంచి మొన వైపు లాగి మూసేటప్పుడు చివర మిగిలిపోయేది. పోటీల్లో లక్ష్యాన్ని కచ్చితంగా కొట్టడానికి ఆ నిర్మాణం బాగుంటుంది. వేట బుల్లెట్ మాత్రం తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుని దాదాపు రెండింతల లావవుతుంది. ఆ వెడల్పుతోనే ఊపిరితిత్తులను చీలుస్తుంది. చాలాసార్లు జంతువు నిమిషంలోపే పడిపోతుంది. మ్యాచ్ బుల్లెట్ ఒక్కోసారి ముక్కలవుతుంది, ఒక్కోసారి సూదిలా దూరిపోతుంది. ఏది జరుగుతుందో ముందే చెప్పలేం. వేసవి అంతా నేను చూసింది తూటా పేరు, దాని శక్తి. ఎల్క్ ఒంట్లో పని చేసేది ఆ చివరనున్న బుల్లెట్ అని చూడలేదు.

ముందు కాళ్ల మాంసం, ఒక వైపు వీపు మాంసం మాత్రమే పనికొచ్చాయి. మిగతాది పాడైపోయింది. లైసెన్సుతో వచ్చిన, వేటాడిన జంతువుకు కట్టాల్సిన నా ట్యాగు దానికే కట్టాను. ఈ ఏడాది నా వేట దానితోనే ముగిసింది, ముగియాలి కూడా.

నిన్న సాయంత్రం మిగిలిన పెట్టెలు, బిల్లు పట్టుకుని దుకాణానికి వెళ్లాను. డబ్బు కోసం వెళ్లలేదు. తూటాలు వెనక్కి తీసుకోరని నాకు తెలుసు. ‘పొరపాటు చెప్పాను, ఇక ముందు ఎవరికీ అలా చెప్పను’ అని అతని నోటితో వినాలనుకున్నాను, అంతే.

జరిగిందంతా చెప్పాను. అతను పెట్టె తిప్పి, వెనక అడుగున ఉన్న చిన్న అక్షరాలు చూపించాడు. వేటకు సిఫారసు చేయడం లేదని అక్కడ రాసి ఉంది. “చదువుకోవాల్సింది మీరు” అన్నాడు. హాలో పాయింట్ విచ్చుకుంటుందని మీరే చెప్పారు కదా అన్నాను. “వేటకని మీరు నాతో అనలేదు. రేంజికి అనుకున్నాను” అన్నాడు.

బిల్లు అతని ముందు పెట్టాను. ఒకే కాగితం మీద వరుసగా ఉన్నాయి: నారింజ కోటు, టోపీ, మాంసం సంచులు నాలుగు, .308 తూటాలు మూడు పెట్టెలు. రేంజిలో కాగితాలు కాల్చేవాడు మాంసం సంచులు ఎందుకు కొంటాడని అడిగాను. బిల్లు వైపు చూశాడు. ఆ క్షణంలో అతనికి అంతా గుర్తొచ్చిందని అతని ముఖంలో స్పష్టంగా కనిపించింది. బిల్లును రెండు వేళ్లతో నా వైపు నెట్టి, “పోయింది ఒక ఆడ ఎల్కే కదా, వచ్చే ఏడాది ఇంకోటి దొరుకుతుంది” అన్నాడు. నా వెనక నిలబడ్డవాళ్లతో “తర్వాత ఎవరు?” అన్నాడు.

మంచు కరిగిన ఆ నల్లటి నేల చూసిన కళ్లతో ఆ మాట వినాల్సి వచ్చింది. నా గొంతు పెగల్లేదు. వెనక్కి వచ్చి కారులో చాలాసేపు కూర్చున్నాను. ఆ మనిషి అబద్ధం చెప్పినందుకు కోపం ఉంది. కానీ ఒక జంతువు తొమ్మిది గంటలు నెత్తురు కారుతూ నడిచిందని విని ‘ఆడ ఎల్కే కదా’ అన్నాడే, దాన్ని మాత్రం క్షమించలేను. వేటాడేవాడికి మొదటి బాధ్యత త్వరగా, బాధ లేకుండా చంపడం. వేట సామాను అమ్మేవాడికి ఆ పట్టింపు లేకపోతే అతను ఆ కౌంటరులో ఉండకూడదు.

కొనేటప్పుడు ఇవి చూసుకోండి. పెట్టె మీద ‘మ్యాచ్’ అని ఉన్నా, ‘ఫుల్ మెటల్ జాకెట్’ (మొన దాకా లోహపు తొడుగుతో, విచ్చుకోని రకం) అని ఉన్నా ఎల్క్‌కు వద్దు. ‘హాలో పాయింట్’ అనే మాట ఒక్కటే చాలదు. .308లో అయితే 150 నుంచి 180 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ (మొన దగ్గర మెత్తటి సీసం బయటికి కనిపించేది), లేదా బాండెడ్ (తొడుగు, సీసం విడిపోకుండా అతికించినది), లేదా వేట కోసం చేసిన పూర్తి రాగి బుల్లెట్ తీసుకోండి. .270, 30-06 వాళ్లకూ బుల్లెట్ రకం విషయంలో ఇదే మాట. పెట్టెను నాలుగు వైపులా తిప్పి చిన్న అక్షరాలు చదివాకే డబ్బు ఇవ్వండి.

ఇప్పటికే కొన్నవాళ్లు ఈ రాత్రే పెట్టెలు తీసి చూడండి. అనుమానంగా ఉంటే తూటా మొనకు దగ్గరగా ఒక ఫొటో, పెట్టె వెనక వైపు ఒక ఫొటో తీసి నాకు పంపండి. పెద్దాయనకు చూపించి మీరు బయలుదేరేలోపు జవాబిస్తాను.